చవక సెన్సార్లతో బండి వేగం, చుట్టూ ఉన్న అడ్డంకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నాది ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు. కానీ సంక్రాంతి దాటిందంటే నా బల్ల ముందు నిలబడేది డిప్లొమా, బీటెక్ ప్రాజెక్టుల పిల్లలే. మిగతా ఏడాదంతా ట్రాక్టర్ల వాళ్లు, ఆటోల వాళ్లు, ఇంటి ముందు బైకుల జోరు చూసి విసిగిపోయిన పెద్దమనుషులు వస్తుంటారు. అందరూ అడిగేవి తిప్పి తిప్పి ఇవే కాబట్టి ఒకచోట రాసిపెట్టాను.

స్పీడ్ సెన్సార్ కావాలి. ఏది కొనాలి?

వేగం ఎవరిదో ముందు చెప్పండి. మీ బండిదా, ఎదుటి బండిదా? మీ బండిదైతే చక్రానికి అయస్కాంతం కట్టి లెక్కపెట్టొచ్చు, జీపీఎస్ పెట్టొచ్చు, కారైతే దాని కంప్యూటర్‌నే అడగొచ్చు. రోడ్డు మీద పోయేవాడి వేగం కావాలంటే రాడార్ మాడ్యూలో, రెండు కాంతి గీతలో కావాలి. ఇక ముందో వెనకో ఏదైనా అడ్డం ఉందా అన్నది మూడో సంగతి. దానికి శబ్దంతోనో లేజర్‌తోనో దూరం కొలవాలి. ఈ మూడింటినీ కలిపి "స్పీడ్ సెన్సార్" అనేస్తారు. అందుకే తప్పు సరుకు కొనుక్కుని వాపసు తెస్తుంటారు.

రెండు కళ్లున్నట్టుండే ఆ నీలం బోర్డు ఎలా పని చేస్తుంది?

హెచ్‌సీ-ఎస్ఆర్04. రెండు కళ్లలో ఒకటి నోరు, ఒకటి చెవి. ట్రిగ్గర్ పిన్‌కు 10 మైక్రోసెకన్ల పల్స్ ఇస్తే, 40 కిలోహెర్ట్జ్‌లో ఎనిమిది సార్లు కూత పెడుతుంది. మన చెవికి వినపడదు. ఆ కూత ఎదురుగా దేనికైనా తగిలి తిరిగొచ్చేదాకా ఎకో పిన్ పైకి లేచి ఉంటుంది. ఎన్ని మైక్రోసెకన్లు లేచి ఉందో చూసి 58తో భాగిస్తే సెంటీమీటర్లు వస్తాయి. 58 ఎందుకంటే, శబ్దం ఒక సెంటీమీటరు పోయి మళ్లీ వెనక్కి రావడానికి దాదాపు అంత సమయం పడుతుంది.

ఈ ఆలోచన ఏమంత కొత్తది కాదు. 1978లో పోలరాయిడ్ కంపెనీ ఇలాగే కూతపెట్టి దూరం కొలిచి, ఫోకస్ సరిచేసుకునే కెమెరాను అమ్మింది. అప్పట్లో అది ఖరీదైన ముచ్చట. ఇప్పుడు అదే పని చేసే బోర్డు బిర్యానీ కన్నా చవక.

4 మీటర్ల దాకా చూస్తుందని రాశారు. నిజమేనా?

సున్నం వేసిన గోడకు ఎదురుగా నిటారుగా పెడితే నిజమే. బయట ప్రపంచం గోడల్లా ఉండదు కదా.

మా బావ ట్రాక్టర్ ట్రాలీ వెనక్కి తీసేటప్పుడు మోగేలా ఒకటి కట్టిచ్చాను. షాపులో గోడకు, బీరువాకు, నా కాళ్లకు పెట్టి చూశాం, బ్రహ్మాండంగా మోగింది. సాయంత్రం ఫోను. "ఏంది బామ్మర్దీ, గడ్డివాము కనపడదా నీ మిషన్‌కి?" వెళ్లి చూస్తే ట్రాలీ వెనక తలుపు గడ్డిలో మూరెడు లోతు దిగి ఉంది, బజర్ మాత్రం మౌనంగా ఉంది. తప్పు సెన్సార్‌ది కాదు, నాది. గడ్డి, పత్తి బోరాలు, ఉన్ని దుప్పటి, దళసరి బట్టలు శబ్దాన్ని మింగేస్తాయి. తిరిగొచ్చే కూత మిగలదు. అదే కళ్లంలో తడిపిన మట్టిగోడకు మాత్రం మూడు మీటర్ల నుంచే మోగింది.

ఇంకో రెండు మోసాలున్నాయి. ఒకటి, ఏటవాలు పలక. కారు బానెట్ లాంటి నున్నటి వాలు మీద పడిన కూత అద్దం మీద వెలుగులా ఇంకోవైపు జారిపోతుంది, మన వైపు రాదు. రెండు, సన్నటి వస్తువులు. 40 కిలోహెర్ట్జ్ శబ్దపు అల పొడవు సుమారు 8.6 మిల్లీమీటర్లు. కరెంటు స్తంభానికి లాగి కట్టిన స్టే వైరు, కంచె తీగ లాంటివి దాని ముందు దాదాపు లేనట్టే. ట్రాక్టర్ల వాళ్లకు నేను ముందే చెప్పేస్తాను, స్టే వైరు మీ కళ్లతో మీరే చూసుకోవాలని.

ఎండాకాలం రీడింగ్ తేడా వస్తోంది. సెన్సార్ పాడైందా?

పాడవలేదు. వేడి గాలిలో శబ్దం త్వరగా పోతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు, మే నెల 44 డిగ్రీల ఎండలో దాదాపు 358. మీ ప్రోగ్రామ్ 343 అనే లెక్కతో ఉంటే, 2 మీటర్ల దూరాన్ని 192 సెంటీమీటర్లని చూపిస్తుంది. రివర్స్ బజర్‌కు ఇది పట్టించుకోనక్కర్లేదు, కాస్త ముందే మోగుతుంది, అంతే. ట్యాంకులో నీళ్ల మట్టం కొలిచేవాళ్లు మాత్రం పక్కనే ఒక ఉష్ణోగ్రత సెన్సార్ పెట్టుకోండి. డిగ్రీకి సెకనుకు 0.6 మీటర్ల చొప్పున కలుపుకుంటే సరిపోతుంది.

అంకెలు ఉన్నట్టుండి ఎగురుతున్నాయి. సగటు తీసినా కుదరడం లేదు.

సగటు తీస్తున్నారు కాబట్టే కుదరడం లేదు. నిన్న ఒక కుర్రాడి ల్యాప్‌టాప్ మీద వరసగా వచ్చిన ఐదు రీడింగులు చూడండి: 182, 181, 183, 9, 182. ఆ 9 ఏదో దొంగ ప్రతిధ్వని. సగటు తీస్తే 147 వస్తుంది. అక్కడ 147 సెంటీమీటర్లలో ఏమీ లేదు! ఐదింటినీ చిన్న నుంచి పెద్దకు పేర్చి నడిమిది తీసుకోండి, 182 వస్తుంది. ఆ దొంగ అంకె వరసలో ఒక చివరకు పోయి కూర్చుంటుంది.

ఇంకోటి. ఆర్డునోలో (సెన్సార్లు కలిపి ప్రోగ్రామ్ ఎక్కించుకునే చిన్న బోర్డు) పల్స్ ఎంతసేపు ఉందో కొలిచే పల్స్‌ఇన్ అనే ఫంక్షన్ వాడుతుంటే దానికి గడువు పెట్టండి. పెట్టకపోతే ప్రతిధ్వని రానప్పుడు ఒక్క సెకను అక్కడే నిలబడిపోతుంది. బండి వెనక్కి పోతుంటే సెకను చాలా పెద్దది. 4 మీటర్లకు పట్టేది సుమారు 23,200 మైక్రోసెకన్లే కాబట్టి 25,000 చాలు.

నీలం బోర్డును ఈఎస్‌పీ32కు నేరుగా కలపొచ్చా?

వద్దు. ఎకో పిన్ 5 వోల్టులిస్తుంది, ఈఎస్‌పీ32 కూడా ఆర్డునో లాంటి బోర్డే గానీ దాని పిన్ 3.3కే పుట్టింది. "నాకు బాగానే నడుస్తోందన్నా" అంటారు. కొన్నాళ్లు నడుస్తుంది, ప్రాజెక్టు వైవా రోజు పోతుంది. ఎకో వైపు ఒక కిలో ఓమ్, గ్రౌండ్ వైపు రెండు కిలో ఓమ్ రెసిస్టర్లు వరసగా పెట్టి మధ్యలోంచి తీసుకోండి. రూపాయి ఖర్చు. గ్రౌండ్ మాత్రం అన్నిటికీ కలిపి ఉండాలి. నా దగ్గరకొచ్చే "పని చేయని" బోర్డుల్లో ఎక్కువ భాగం గ్రౌండ్ కలపనివే.

వానకు, బురదకు ఆగుతుందా?

ఆ రెండు కళ్లది ఆగదు. జాలీలోంచి నీళ్లు లోపలికి పోతాయి. బండికైతే జేఎస్‌ఎన్-ఎస్ఆర్04టీ తీసుకోండి. కార్ల బంపర్లకు ఉండేలాంటి గుండ్రటి ఒంటికన్ను, రెండున్నర మీటర్ల తీగ, బోర్డు లోపల పెట్టుకోవచ్చు. దీనికి ఒక్కటే కన్ను కాబట్టి, కూసిన తర్వాత ఆ అదురు ఆగేదాకా వినలేదు. అందుకే 20, 25 సెంటీమీటర్ల లోపు ఉన్నది దానికి కనపడదు. వెనక మనిషి మరీ దగ్గరికొచ్చేస్తే బజర్ ఆగిపోతుందన్నమాట. ప్రోగ్రామ్‌లో ఈ సంగతి రాసుకోవాలి. దూరం తగ్గుతూ వచ్చి హఠాత్తుగా రీడింగ్ పోతే, "ఏమీ లేదు" అని కాదు, "చాలా దగ్గరుంది" అని తీసుకోవాలి.

బురద పట్టేస్తే ఏ సెన్సారైనా గుడ్డిదే. గుడ్డతో తుడవడమే.

నాలుగు మూలలా నాలుగు పెట్టాను, అన్నీ తప్పు చూపిస్తున్నాయి.

ఒకడి కూత ఇంకొకడు వింటున్నాడు. ఒకేసారి కూయించకండి. వరసగా ఒక్కొక్కటీ, మధ్యలో 60 మిల్లీసెకన్ల ఎడం ఇవ్వండి. నాలుగింటికి ఒక చుట్టు దాదాపు పావు సెకను. గంటకు 5 కిలోమీటర్ల నడక వేగంతో వెనక్కి వస్తుంటే ఆ లోపు బండి 33 సెంటీమీటర్లు జరుగుతుంది. దాన్ని లెక్కలో పెట్టుకుని బజర్ దూరం పెంచుకోండి.

లేజర్ సెన్సార్లు మేలంటున్నారు?

గదిలో చాలా మేలు. వీఎల్53ఎల్0ఎక్స్ వేలిగోరంత చిప్పు, కంటికి కనపడని 940 నానోమీటర్ల లేజర్ వదిలి, అది వెళ్లొచ్చే సమయం కొలుస్తుంది. 2 మీటర్ల దాకా చెబుతుంది, గడ్డి అయినా గుడ్డ అయినా పర్వాలేదు. కానీ ఎండలోకి తెచ్చారా, సూర్యుడి వెలుగులో కూడా అదే రకం కిరణాలుంటాయి కాబట్టి దాని చూపు బాగా పడిపోతుంది. మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద నమ్మొద్దు. నల్లటి టైరును కూడా సరిగా చూడలేదు, నలుపు వెలుతురును తాగేస్తుంది. గాజును దాటి అవతలిది చూపిస్తుంది.

ఇంకాస్త డబ్బు పెట్టగలిగితే టీఎఫ్-లూనా 8 మీటర్లు, టీఎఫ్‌మినీ 12 మీటర్లు అంటాయి. ఎండలో వీటికీ కొంత తగ్గుతుంది గానీ, చిన్న చిప్పు కన్నా ఎన్నో రెట్లు నయం. పొద్దున్నే పొగమంచులో మాత్రం ఏ లేజరైనా మంచునే చూసి అడ్డంకి అనుకుంటుంది.

పాత షార్ప్ ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్ 10 నుంచి 80 సెంటీమీటర్లది ఇప్పటికీ దొరుకుతుంది. 10 లోపలికొస్తే దాని వోల్టేజి తిరగబడి, దగ్గరున్నదాన్ని దూరంగా చెబుతుంది. కొత్తగా కొనడానికి కారణమేమీ లేదు.

బైకు ముందు పెట్టి, ముందున్న బండి దగ్గరైతే హెచ్చరించేలా చేయొచ్చా?

ప్రతి బ్యాచ్‌లో కనీసం ఇద్దరు ఈ ప్రాజెక్టే ఎంచుకుంటారు. పోస్టర్ మీద అందంగా ఉంటుంది. ఒక్కసారి కాగితం మీద లెక్క వేద్దాం.

గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11.1 మీటర్లు. బజర్ మోగింది. మనిషి విని, అర్థం చేసుకుని, బ్రేకు మీద కాలు వేసేసరికి ఒకటిన్నర సెకను అనుకోండి. ఆ లోపే బండి 16.7 మీటర్లు పోయింది. బ్రేకు పట్టాక, పొడి రోడ్డు మీద మంచి టైర్లతో ఇంకో 10 మీటర్లు. మొత్తం 27 మీటర్లు కావాలి. మీ సెన్సార్ చూపు 4 మీటర్లు. ఆ 4 మీటర్లను బండి 0.36 సెకన్లలో దాటేస్తుంది. 60 మిల్లీసెకన్లకొక రీడింగ్ చొప్పున ఆరు రీడింగులొస్తాయి, ఏడోది ముందున్న లారీ వెనక తలుపే. 12 మీటర్ల లేజర్ పెట్టినా ఒక సెకను పైచిలుకే దక్కుతుంది. పైగా ఎదురుగాలి హోరు, ఇంజిన్ అదురు కలిసి అల్ట్రాసోనిక్ చెవిని ముందే చెడగొడతాయి.

కంపెనీ కార్లలో ఈ పనికి 77 గిగాహెర్ట్జ్ రాడార్, కెమెరా కలిపి వాడతారు. అవి 100 మీటర్లకు పైగా చూస్తాయి. వంద రూపాయల బోర్డుకు చేతకానిదని కాదు, దాని పని వేరు. అదే 4 మీటర్ల సెన్సార్‌ను గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వెనక్కొచ్చే ట్రాలీకి కడితే, దాదాపు మూడు సెకన్ల వ్యవధి ఇస్తుంది. మూడు సెకన్లలో ఎవరైనా ఆపుతారు. కాబట్టి పిల్లలకు నా సలహా ఒకటే. బైకు వదిలేయండి, రివర్స్ అలారమో, గోదాములో తిరిగే బొమ్మబండో, చూపులేనివాళ్ల చేతికర్రో చేయండి. అదే సెన్సార్, అదే కోడు, కాకపోతే నిజంగా పనికొస్తుంది.

మన దేశంలో కొత్త కార్లకు 2019 జులై 1 నుంచి తప్పనిసరి చేసింది కూడా వెనక వైపు పార్కింగ్ సెన్సారే. దాంతోపాటే వేగం 80 దాటితే మోగే, 120 దాటితే ఆగకుండా మోగే అలర్ట్ కూడా వచ్చింది.

చక్రానికి సెన్సార్ ఎలా కట్టాలి?

ఏ3144 హాల్ సెన్సార్, ఒక నియోడిమియం అయస్కాంతం బిళ్ల. మూడు కాళ్ల చిన్న ముక్క, చూడటానికి ట్రాన్సిస్టర్‌లా ఉంటుంది. అయస్కాంతం దగ్గరికొస్తే దాని అవుట్‌పుట్ కిందకు పడుతుంది. పదే పదే తప్పు జరిగే చోట్లు చెబుతాను.

ఇది అయస్కాంతం ఒక ముఖాన్నే గుర్తుపడుతుంది. అక్షరాలున్న వైపుకు దక్షిణ ధ్రువం ఎదురుగా రావాలి. అతికించాక పనిచేయకపోతే సెన్సార్‌ను తిట్టకండి, బిళ్ల తిప్పి చూడండి. అసలు అతికించే ముందే చేత్తో పట్టుకుని చూసుకోవాలి. ఎం-సీల్ ఎండాక తెలుసుకుని లాభమేముంది.

దానికి కనీసం 4.5 వోల్టులు కావాలి. ఈఎస్‌పీ32 వాళ్లు 3.3 ఇచ్చి "పోయిన సరుకు ఇచ్చారు" అంటారు. సెన్సార్‌కు 5 ఇవ్వండి. అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్ (కిందకు లాగడమే తెలుసు, తనంతట పైకి లేవదు) కాబట్టి, దాన్ని పైకి లాగే 10 కిలో ఓమ్ పుల్-అప్ రెసిస్టర్‌ను మాత్రం 3.3కు కట్టండి. రెండు సమస్యలూ ఒకేసారి తీరతాయి.

బైకు ముందు చక్రానికే కట్టండి. వెనక చక్రం ఇంజిన్ తిప్పేది కాబట్టి జారినప్పుడు వేగం ఎక్కువ చూపిస్తుంది. దమ్ము చేసే ట్రాక్టర్ వెనక చక్రానికి కడితే, బండి ఉన్నచోటే ఉన్నా మీటరు పరుగెడుతూ ఉంటుంది. డిస్క్ బోల్టు మీద బిళ్ల పెట్టడం సులువే గానీ, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డిస్కు కాలుతుంది. మామూలు నియోడిమియం 80 డిగ్రీలు దాటితే నీరసపడుతుంది. స్పోకు మీదో, రిమ్ము లోపలో పెట్టండి, ఎడం అర సెంటీమీటరు లోపు ఉండాలి.

స్పార్క్ ప్లగ్ తీగ పక్కనుంచి సెన్సార్ తీగ లాగితే దొంగ పల్సులొస్తాయి. నిలబెట్టిన బండి యాక్సిలరేటర్ ఇస్తే స్పీడు చూపించడం దాని గుర్తు. షీల్డు తీగ వాడి, దూరంగా తిప్పి కట్టండి.

చుట్లు తెలిశాయి. వేగం ఎలా లెక్కకట్టాలి?

ముందు చక్రం చుట్టుకొలత. టైరు మీద అంకెలతో లెక్క వేయొద్దు. టైరు మీద సుద్దముక్కతో గీత గీసి, అది నేలను తాకే చోట నేల మీద ఇంకో గీత గీసి, మనిషి ఎక్కి కూర్చుని, గీత మళ్లీ నేలను తాకేదాకా బండి తోయండి. రెండు గీతల మధ్య టేపు పట్టండి. మనిషి బరువుకు టైరు నొక్కుకోవడం కూడా ఇందులో కలిసొస్తుంది. ఉదాహరణకు 1.9 మీటర్లు వచ్చిందనుకుందాం.

ఇప్పుడు అందరూ చేసే పొరపాటు, సెకనులో ఎన్ని పల్సులొచ్చాయో లెక్కపెట్టడం. 40 వేగం దగ్గర సెకనుకు 5.85 చుట్లు. లెక్కలో ఒకసారి 5, ఒకసారి 6 వస్తాయి. 5 వస్తే 34.2, 6 వస్తే 41. బండి ఒకే వేగంతో పోతున్నా ముల్లు 34కీ 41కీ మధ్య ఊగుతుంది. ఇలా కాకుండా ఒక పల్సుకూ తర్వాతి పల్సుకూ మధ్య సమయం కొలవండి. అదే వేగం దగ్గర 171 మిల్లీసెకన్లు. 1.9ని 0.171తో భాగించి 3.6తో గుణిస్తే 40. ఒక మిల్లీసెకను తేడా వచ్చినా పావు కిలోమీటరు కూడా మారదు. ఇంటరప్ట్ పిన్ (పల్సు రాగానే మిగతా పని ఆపి దాన్ని చూసే పిన్) వాడండి, ఆర్డునో ఊనోలో 2, 3.

రెండు జాగ్రత్తలు. 40 మిల్లీసెకన్ల కన్నా దగ్గర్లో వచ్చిన పల్సును పారేయండి, అది గంటకు 171 కిలోమీటర్ల వేగం. మీ బైకు పోదు. అలాగే 2 సెకన్ల పాటు పల్సు రాకపోతే సున్నా చూపించండి. ఇది మరిచిపోయినవాళ్ల బండి సిగ్నల్ దగ్గర ఆగి కూడా 12 మీద నిలబడి ఉంటుంది.

బొమ్మబండికైతే 20 గాట్ల బిళ్ల, ఆ గాట్లు లెక్కపెట్టే ఎల్‌ఎం393 బోర్డు చాలు. 6.5 సెంటీమీటర్ల చక్రానికి గాటుకు ఒక సెంటీమీటరు చొప్పున పడుతుంది, లెక్కా సులువే.

జీపీఎస్ పెట్టుకుంటే ఈ బాధలేవీ ఉండవుగా?

ఉండవు, వేరేవి ఉంటాయి. నియో-6ఎం మాడ్యూల్ వేగాన్ని బాగానే చెబుతుంది. అది రెండు చోట్ల మధ్య దూరం కొలిచి భాగించదు, ఉపగ్రహం నుంచొచ్చే సంకేతం ఫ్రీక్వెన్సీ మార్పు చూసి నేరుగా వేగం తీస్తుంది. అందుకే దాని వేగం దాని చిరునామా కన్నా నిఖార్సుగా ఉంటుంది. మీ ప్రోగ్రామ్‌లో అక్షాంశ రేఖాంశాలతో కుస్తీ పట్టకుండా, అది పంపే వాక్యంలోని వేగం గడి తీసుకోండి. అది నాట్లలో (ఓడల వేగం చెప్పే కొలత) ఉంటుంది, గంటకు కిలోమీటర్లు కావాలంటే 1.852తో గుణించాలి.

మామూలుగా సెకనుకు ఒక రీడింగ్ ఇస్తుంది, 5 దాకా పెంచుకోవచ్చు. గట్టి బ్రేకు కొడితే అది చెప్పేలోపే బండి ఆగి ఉంటుంది. ఫ్లైఓవర్ కింద, సొరంగంలో, ఎత్తయిన మేడల మధ్య తడబడుతుంది. ఆన్ చేయగానే రాదు, ఆరుబయట పెట్టి కాసేపు ఓపిక పట్టాలి. షాపులో రేకుల కింద పెట్టి "పని చేయట్లేదు" అంటే నేనేం చేయను.

జీపీఎస్ 60 అంటోంది, బండి మీటరు 64 అంటోంది. ఏది నిజం?

జీపీఎస్. బండి మీటర్లు కావాలనే కాస్త ఎక్కువ చూపిస్తాయి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది చెప్పేది, మీటరు అసలు వేగం కన్నా ఎప్పుడూ తక్కువ చూపకూడదని. ఎక్కువ మాత్రం పదో వంతు, ఆ పైన ఇంకో 4 కిలోమీటర్ల దాకా పోవచ్చు. కాబట్టి మీరు కట్టిన మీటరును బండి మీటరుతో పోల్చి సరిదిద్దకండి.

ఫోన్లో ఉండే యాక్సిలరోమీటర్‌తో వేగం రాదా?

కాగితం మీద వస్తుంది, రోడ్డు మీద రాదు. అలాంటిదే ఎంపీయూ6050 అనే చవక యాక్సిలరోమీటర్ బోర్డులో గురుత్వంలో నూరో వంతు పొరపాటు ఉందనుకోండి, అది చాలా మామూలు. నిమిషం పాటు కూడుకుంటూ పోతే నిలబడ్డ బండి గంటకు 21 కిలోమీటర్లతో పోతున్నట్టు తేలుతుంది. దాన్ని గుంతలు, పడిపోవడం, హఠాత్తు బ్రేకు పసిగట్టడానికి వాడండి.

కారుకు కూడా చక్రానికి అయస్కాంతం కట్టాలా?

అక్కర్లేదు. స్టీరింగ్ కింద కారు కంప్యూటర్‌తో మాట్లాడే 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. ఈఎల్‌ఎం327 బ్లూటూత్ ముక్క గుచ్చి అడిగితే కారే చెబుతుంది. వేగం ఒక్క బైటుగా, కిలోమీటర్లలో వస్తుంది. చవకవాటిలో నకిలీలు జాస్తి, కొన్ని రెండు మూడు ఆదేశాలకే ఉలకవు. రాత్రంతా గుచ్చి ఉంచితే బ్యాటరీ తాగుతుంది, దిగేటప్పుడు పీకేయండి.

మా వీధిలో పోయే బైకుల వేగం కొలవాలి.

రెండు దారులున్నాయి. ఒకటి హెచ్‌బీ100 డాప్లర్ మాడ్యూల్. 10.525 గిగాహెర్ట్జ్ అలలు వదులుతుంది. కదిలే బండికి తగిలి తిరిగొచ్చిన అల ఫ్రీక్వెన్సీ కాస్త మారుతుంది, ఆ తేడాయే మనకు కావాల్సింది. గంటకు ఒక కిలోమీటరుకు 19.49 హెర్ట్జ్. 780 హెర్ట్జ్ వస్తే 40 వేగం. వినడానికి సులువే. కానీ దాన్నుంచి వచ్చే సంకేతం మిల్లీవోల్టుల్లో, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. ఎల్‌ఎం358 యాంప్లిఫయర్ చిప్పుతో రెండు అంచెల్లో పెంచకుండా ఆర్డునోకు ఏమీ తెలియదు. వచ్చేవాడా పోయేవాడా అన్నదీ చెప్పదు.

మొదటిసారి నేను బల్ల మీద కట్టినప్పుడు గదిలో ఎవరూ కదలకుండానే గంటకు 5 కిలోమీటర్లు చూపించింది. ఫ్యాను ఆపాను, అయినా 5. చేతులు దూరంగా పెట్టుకుని కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాను, అయినా 5. గంట పట్టింది పట్టుకోవడానికి. అది నెత్తి మీది ట్యూబ్‌లైటు! 50 హెర్ట్జ్ కరెంటుకు ట్యూబు సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంది, దాని లోపలి వాయువు అదే లయలో రాడార్ అలను తిప్పి కొడుతుంది. 100ను 19.49తో భాగిస్తే 5.1. లైటు ఆపగానే సున్నా. ఆ రోజు నుంచి దాన్ని ఎవరికి అమ్మినా ట్యూబ్‌లైటు సంగతి చెప్పే అమ్ముతాను.

కోణం కూడా చూడాలి. రోడ్డు పక్కన నిలబడి ఏటవాలుగా పట్టుకుంటే తక్కువ చూపిస్తుంది. 20 డిగ్రీల కోణంలో 60 కాస్తా 56 అవుతుంది, 45 డిగ్రీల్లో 42కు పడిపోతుంది. బండి వచ్చే దారికి వీలైనంత ఎదురుగా పెట్టాలి.

రెండో దారి నాకు ఇష్టమైనది, వీధికి అడ్డంగా రెండు ఇన్‌ఫ్రారెడ్ గీతలు. మధ్య 2 మీటర్ల ఎడం. మొదటిది తెగినప్పటి నుంచి రెండోది తెగేదాకా సమయం కొలవడమే. 180 మిల్లీసెకన్లు పడితే 40. ఎడం అర మీటరే పెట్టి, కోడులో పది మిల్లీసెకన్లకోసారి చూస్తుంటే మాత్రం 40 వేగం దగ్గర అయిదో వంతుకు పైగా తప్పు రావచ్చు. ఎడం పెంచండి, ఇంటరప్ట్ వాడండి. ఒకేసారి రెండు బండ్లు ఎదురెదురుగా వస్తే లెక్క పాడవుతుంది, అంతే.

ఆర్‌సీడబ్ల్యూఎల్-0516 కూడా రాడారేగా అని తెస్తారు. అది కదలిక ఉందా లేదా మాత్రమే చెబుతుంది. వరండా లైటుకు పెట్టుకోండి.

ఆ రీడింగ్‌తో పోలీసులకు ఫిర్యాదు చేయొచ్చా?

"ఈ వీధిలో జోరు ఎక్కువగా ఉంది, స్పీడ్ బ్రేకర్ వేయండి" అని అర్జీకి జతపరచడానికి పనికొస్తుంది. ఫలానా బండికి చలానా వేయమనడానికి చెల్లదు. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 167ఏ ప్రకారం, వేగం పట్టే పరికరానికి అనుమతి పత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి.

బండి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వొచ్చా?

బ్యాటరీ 12 అని పేరే గానీ, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9కో ఇంకా కిందకో దిగుతుంది, ఇంజిన్ నడుస్తుంటే 14 దాటుతుంది, మధ్యలో పెద్ద పెద్ద కుదుపులొస్తాయి. 5 వోల్టులిచ్చే 7805 రెగ్యులేటర్ పెడితే 300 మిల్లీయాంపులకే 2.7 వాట్లు వేడి కింద పోతాయి, ముట్టుకుంటే చుర్రుమంటుంది. అంత వేడెక్కకుండా వోల్టేజి దించే ఎల్‌ఎం2596 బక్ కన్వర్టర్ పెట్టండి. కలిపే ముందు మీటరు పట్టి 5 వోల్టులకు తిప్పుకోండి, కొత్త బోర్డు ఎంత మీద ఉంటుందో చెప్పలేం. దాని ముందు ఒక యాంపు ఫ్యూజు, ఆ కుదుపులను మింగే 24 వోల్టుల టీవీఎస్ డయోడు. రివర్స్ అలారానికైతే రివర్స్ లైటు తీగ నుంచే తీసుకోండి, గేరు వేస్తేనే ఆన్ అవుతుంది, స్విచ్చు ఖర్చు మిగులుతుంది.

ఎక్కడ కొనాలి? ఎంతవుతుంది?

హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. ధరలు వారం వారం మారతాయి. హాల్ సెన్సార్ టీ ఖర్చుతో పోతుంది, నీలం బోర్డు వంద రూపాయల అటూ ఇటూ, నీళ్లకు ఆగే ఒంటికన్ను, జీపీఎస్, హెచ్‌బీ100 వందల్లో, టీఎఫ్-లూనా మాత్రం వేలల్లో.

ఏదైనా రెండు కొనండి. ఒకసారి నేను ఒక దుకాణంలో పది నీలం బోర్డులు తెస్తే మూడు ఏ దూరానికైనా ఒకే అంకె చెప్పాయి. వాపసు తీసుకోలేదు. అప్పటి నుంచి కౌంటర్ దగ్గరే పరీక్షించడానికి జేబులో ఒక ఆర్డునో నానో, నాలుగు జంపర్ తీగలు, ఫోన్ పవర్ బ్యాంకు పెట్టుకుని వెళ్తున్నాను. దుకాణం వాళ్లు నవ్వుతారు, అయినా కలిపి చూపించే ఇస్తారు.

సెన్సార్ పెట్టాక వెనక్కి చూడకుండా రివర్స్ చేయొచ్చా?

వద్దు. అర మీటరు ఎత్తులో కట్టిన సెన్సార్ కూత కింద ముగ్గు వేస్తూ వంగి కూర్చున్న మనిషి, ఆడుకునే పసివాడు తప్పిపోవచ్చు. వాళ్ల బట్టలు ఆ కూతను మింగేయొచ్చు కూడా. మా బావ ట్రాలీకి రెండోసారి వెళ్లినప్పుడు సెన్సార్‌ను జానెడు కిందకు దించి కట్టాను, ఇంకోటి పక్కన చేర్చాను. అయినా రివర్స్ గేరు వేసే ముందు ఆయన ఇప్పుడు కూడా "ఎవర్రా ఎనకా?" అని కేకేసి, జవాబు వచ్చాకే క్లచ్ వదులుతాడు.